తాళపుగుత్తి అవ్వది, పట్టా తాతది

ఈ నెల ఏమి వ్రాయాలా అని ఆలోచిస్తూ ఉండగా ఒక సోదరి ఉత్తరం చేతికి వచ్చింది. "అయ్యా, మీరు ప్రతి నెలా మన పెద్దలను గురించి వ్రాస్తున్నారు. బావులు త్రవ్వించినవారు, గుళ్ళు కట్టించినవారు, బడులు పెట్టించినవారు అందరూ వచ్చారు. అందరూ మగవారే. వారికి అన్నం వండి పెట్టినవారు ఎవరూ పెద్దలు కారా?" అని ఆమె అడిగారు.

ఉత్తరం చదివి నాకు సిగ్గు వేసిన మాట నిజం. అందుచేత ఈసారి మా అవ్వను గురించి వ్రాస్తాను. ఆమె బావి త్రవ్వించలేదు, బడి పెట్టించలేదు. ఐతే అన్నం వండి పెట్టడం ఒక్కటే ఆమె పని అనుకుంటే పొరపాటు. మా ఇంటి సేద్యాన్ని నలభై ఏళ్ళు నిలబెట్టినది ఆమె. ఆ సేద్యంలో చివరకు ఆమెకు ఏమి దక్కినదీ దాపరికం లేకుండా చెబుతాను. ఇది మా ఇంటి గొప్ప చెప్పుకోవడం కాదని చివరి దాకా చదివినవారికి తెలుస్తుంది.

మాది కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి సీమ. తమిళంలో కరిసల్ అంటారు. ఆ రోజులలో అది తిరునెల్వేలి జిల్లా. 1986 నుంచి తూత్తుకుడి జిల్లాలో ఉన్నది. విజయనగరపు రోజులలోనూ, తరువాత మధుర నాయకుల కాలంలోనూ మనవారు అనేకులు ఆ నల్లనేలకు వచ్చి ఊళ్ళు కట్టుకున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా ఊరికి కాలువ లేదు, ఏరు లేదు. ఉన్నదల్లా ఆకాశమే. పురట్టాసి నెలాఖరున నేల తడిస్తే విత్తనం వేస్తారు; ఐప్పసి, కార్తీక వానలు నిలిస్తే పంట, లేకపోతే లేదు. సజ్జలు, జొన్నలు, ప్రత్తి ప్రధానమైన పంటలు. సజ్జలను మా పక్క గంటెలు అంటారు. తై నెలలో గంటెలు ఇంటికి వస్తే, మాసి నుంచి చిత్తిరై దాకా ప్రత్తి ఏరడం.

అవ్వ పద్నాలుగో ఏట కాపురానికి వచ్చిందట. అత్తగారు కన్నుమూసిన రోజున ఇంటి తాళపుగుత్తి ఆమె నడుముకు వచ్చింది. పెద్ద ఇనుప తాళంచెవులు అయిదు. ఆమె నడిచి వస్తుంటే ముందు ఆ చప్పుడు వచ్చేది, తరువాత ఆమె వచ్చేది. పిల్లలం బెల్లం కుండ దగ్గర ఉంటే ఆ చప్పుడు వినగానే పరుగు తీసేవాళ్ళం.

కోడి కూయక ముందే లేచి పేడ తీసి, కల్లాపి చల్లి, పాలు పిండించి, చల్ల చిలికేది. కోడళ్ళు గంటెలు దంచుతుంటే తాను ఎద్దులకు ప్రత్తిగింజలు రుబ్బేది. ఎద్దు మేత ఆమె ఎవరికీ వదిలేది కాదు. "ఎద్దు డొక్క చూస్తే ఇంటి డొక్క తెలుస్తుంది" అనేది. పాలేర్లతో, కూలివారితో కలిపి పూటకు ఇరవై మందికి తక్కువ కాకుండా సంగటి కెలికేవారు. సద్ది గంప చేనికి చేరేటప్పటికి ప్రొద్దు బారెడు ఎక్కేది. తాను తినేది అందరి తరువాత. మిగిలితే సంగటి, మిగలకపోతే చల్ల.

ఇంతవరకు చెప్పినది ఆ నాటి ఏ ఇంటి అవ్వను గురించి అయినా చెప్పవచ్చును. ఇక గరిసె సంగతి చెప్పాలి.

మా నట్టింట మనిషెత్తు మట్టి గరిసెలు మూడు ఉండేవి. వాటిని అక్కడ కులుక్కై అంటారు. పైనుంచి గింజలు పోస్తారు. అడుగున ఒక కన్నం, దానికి గుడ్డ చుట్టిన బిరడా. ఆ బిరడా తీసే అధికారం అవ్వ ఒక్కదానిదే. కళ్లం నుంచి గింజ రాగానే ఆమె మనసులోనే లెక్క వేసేది. ఒక గరిసె ఇంటి తిండికి. ఒకటి కూలికి, ఏడాది పొడుగునా పని చేసే వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి ఇవ్వవలసిన గింజకు. మూడవదానిలో సగం వానలేని ఏటికి. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఐనా ఏ ఇంటికి ఎన్ని పడులు కొలిచినదీ, ఎవరికి ఎన్ని బాకీ ఉన్నదీ మరుసటి ఏడు తైనెల దాకా ఆమెకు జ్ఞాపకమే. తాత సంతలో బేరం చేసి వచ్చి ధర చెబితే, "ఇన్ని మూటలు ఇయ్యి, అంతకన్నా ఒక్క మూట ఇయ్యొద్దు" అనేది. తాత ఎన్నడూ ఆ మాట దాటలేదు.

గరిసెలకన్నా ఆమె ఎక్కువగా కాపాడినది విత్తనం. గంటె చేను కోతకు రాకముందే ఒక రోజు ఒంటరిగా చేనిలోకి వెళ్ళేది. గట్టు పక్కన పెరిగిన కంకి ఎంత పెద్దదైనా ముట్టేది కాదు. "గట్టు పక్క దానికి ఎరువూ నీరూ ఎక్కువ దొరుకుతుంది, దాని గొప్పతనం దానిది కాదు" అనేది. చేను నడుమ, నలుగురితో కలిసి పెరిగి, కింద నుంచి కొన దాకా గింజ నిండిన కంకులను ఏరి ఒడిలో వేసుకునేది. అవి వంటింటి దూలానికి వ్రేలాడేవి. పొయ్యి పొగ తగిలి పురుగు పట్టేది కాదు. కందులకు ఎర్రమట్టి నీళ్ళు పట్టించి ఎండబెట్టేది. మిగతా గింజలలో బూడిద, వేపాకు కలిపేది.

ప్రత్తి విషయంలో ఇంకా పట్టుదల. మా కాలంలో కరుంగణ్ణి ప్రత్తి వేసేవారు. మొదటి ఏరుడు ప్రత్తీ, చివరి ఏరుడు ప్రత్తీ విత్తనానికి పనికి రావని, నడిమి ఏరుడులో బాగా విచ్చిన కాయలనే విడిగా పెట్టించేది. మరలో వేస్తే ఊరి గింజలన్నీ కలిసిపోతాయని ఇంట్లోనే చేతితో గింజ తీయించేది. విత్తే ముందు పేడనీళ్ళలో పిసికి ఆరబెడితే నూగు అణిగి గింజకు గింజ విడిపోయేది. కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం 1901 నుంచి ఉన్నది. నేను పెద్దవాడినైన తరువాత అక్కడి వారొకరిని అడిగితే, నడిమి ఏరుడు గింజే విత్తనానికి మంచిదన్నారు. అవ్వతో చెబితే నవ్వి, "వాళ్ళకు జీతం ఎంత ఇస్తారురా?" అని అడిగింది.

నేను పుట్టకముందు జరిగిన ఒక సంగతి మా నాయన చాలాసార్లు చెప్పేవాడు. వరుసగా రెండేళ్ళు ఐప్పసి వానలు తప్పాయట. తిండి గరిసె అడుగంటింది. వానలేని ఏటికి దాచినదీ అయిపోయింది. ఇక ఇంట్లో ఉన్నవి విత్తనపు మూటలు మాత్రమే. ఒక రాత్రి తాత, "పిల్లలు ఆకలితో పడుకున్నారు. ఆ మూట విప్పు" అన్నాడట. అవ్వ, "పిల్లలు ఈ ఏడు ఆకలితో ఉన్నారు. ఆ మూట విప్పితే వచ్చే ఏడూ ఉంటారు" అని, మరునాడు పుట్టింటివారు పెట్టిన కాసులపేరు తీసి తాత చేతిలో పెట్టింది. ఆ సొమ్ముతో సంతలో గింజలు కొన్నారు. మరుసటి ఏడు వాన పడినప్పుడు ఊళ్ళో విత్తనం ఉన్న ఇళ్ళు చాలా తక్కువ. నాలుగిళ్ళవారు మా ఇంటికే వచ్చి కొలిపించుకున్నారు. పంట వచ్చిన తరువాత కొలతకు కొలతే తీసుకుంది. వడ్డీ గింజ ఒక్కటి ముట్టలేదు. "విత్తనం తిన్న ఇల్లు నిలవదు" అనేది ఆమె నోట ఎప్పుడూ ఉండే మాట. ఆ కాసులపేరు మాత్రం మళ్ళీ రాలేదు.

ఇటువంటి అవ్వ మా ఇంట్లోనే ఉన్నదని కాదు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టి తమిళంలో వ్రాసిన కి. రాజనారాయణన్ గారు తమ 'గోపల్ల గ్రామం' నవలలో మనవారి వలస కథను ఒక పండు ముసలవ్వ నోటనే చెప్పించారు. ఆ నవల 1976లో వచ్చింది. దాని తరువాతి కథ అయిన 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. 2021లో ఆయన కాలం చేశారు. ఊరి కథ తెలిసినది అవ్వకేనని ఆయన గ్రహించారు. కథ అవ్వ దగ్గర ఉన్నది, తాళాలు అవ్వ దగ్గర ఉన్నాయి, విత్తనం అవ్వ దగ్గర ఉన్నది. మరి నేల?

ఇప్పుడు చెప్పవలసిన సంగతికి వచ్చాను.

తాత 1961లో పోయాడు. వీలునామా లేదు. 36 ఎకరాల పిత్రార్జితం. మా నాయన, చిన్నాయన, వారి నడుమ మా అత్త. అత్తను ఆరు కోసుల దూరంలో ఇచ్చారు. 1963లో అన్నదమ్ములు పాలు పంచుకున్నారు. అప్పటికి హిందూ వారసత్వ చట్టం వచ్చి ఏడేళ్ళు. 1956 నాటి ఆ చట్టం ప్రకారం, తాతా ఇద్దరు కొడుకులూ పంచుకున్నట్టు లెక్క వేస్తే తాత భాగం 12 ఎకరాలు. ఆ 12 ఎకరాలు భార్యకు, ఇద్దరు కొడుకులకు, కూతురికి సమంగా రావాలి. అంటే అవ్వకు మూడు, అత్తకు మూడు. ఆ మాట దస్తావేజు వ్రాసే ఆయనకు తెలుసు. తెలుసు గనుకనే హక్కు విడుదల పత్రం ఒకటి వ్రాసి, "ఆడవాళ్ళిద్దరి వేలిముద్రలూ వేయించండి, రేపు తగవు ఉండదు" అన్నాడు.

నాకప్పుడు పదమూడేళ్ళు. నట్టింట చాప వేశారు. అత్తను బండి కట్టి తీసుకొచ్చారు. పసుపు కుంకుమ, ఒక చీర పళ్ళెంలో పెట్టారు. అత్త ఆ కాగితం చూసి, "అన్నా, ఇందులో ఏమి వ్రాసినారు?" అని అడిగింది. మా నాయన పలకలేదు. చిన్నాయన బయటికి వెళ్ళాడు. అప్పుడు అవ్వ లేచి వచ్చి అత్త పక్కన కూర్చుని, "తోడబుట్టినవాళ్ళు నిన్ను విడిచిపెడతారా తల్లీ? పుట్టింటి గడప తెరిచి ఉండాల గదా. వేలు పెట్టు" అని, అత్త బొటనవేలు తానే పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద ఒత్తింది. తరువాత తన వేలు ఒత్తింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆ పూట పాయసం చేశారు. నేను రెండుసార్లు పోయించుకుని త్రాగాను.

పాలు పంచుకున్న తరువాత పొయ్యిలు రెండయ్యాయి. గరిసెలు అటు రెండు, ఇటు ఒకటి. తాళపుగుత్తి విప్పి మా అమ్మకు రెండు, పిన్నమ్మకు మూడు తాళంచెవులు ఇచ్చారు. అవ్వ ఒక నెల మా ఇంట్లో, ఒక నెల చిన్నాయన ఇంట్లో. ఎవరూ ఆమెను ఒక మాట అన్నది లేదు. అన్నం పెట్టకపోయిందీ లేదు. ఐతే ఆమె నడిచి వస్తుంటే ఇక చప్పుడు రాలేదు. నలభై ఏళ్ళు మేము అధికారం అనుకున్నది ఆ అయిదు ఇనుప ముక్కలేనని అప్పుడు తెలియలేదు. ఆ అధికారం కింద నేల లేదు. నేల ఎవరి పేరున ఉంటే తాళం వారి ఇంటికి పోతుంది.

కొన్నేళ్ళకు అత్త భర్త పోయాడు. అక్కడి పొలం అప్పుల కింద పోయింది. అత్త ఇంట్లో కూర్చుని అగ్గిపెట్టెలు అంటించి ఇద్దరు పిల్లలను పెంచింది. పండుగకు వస్తే మా ఇంట గంటెలు కొలిచి ఇచ్చేవారు. ఇచ్చేవారు మంచి మనసుతోనే ఇచ్చేవారు. కాని అడిగి తీసుకునే గింజకూ, తన చేనిలో పండిన గింజకూ ఎంత తేడా ఉన్నదో అత్త ముఖం చూసినవారికి తెలిసేది. చీరకొంగు పట్టి తల వంచుకుని నిలబడేది. తన మూడెకరాల పంట ఆ గరిసెలోనే ఉన్నది. దాన్ని ఆమె దానంగా తీసుకున్నది.

అవ్వ 1984లో పోయింది. అంతకు కొద్ది నెలల ముందు నేను సెలవుకు వెళ్ళినప్పుడు రాత్రి మంచం పక్కన కూర్చోమన్నది. "నాయనా, నువ్వు చదువుకున్నోడివి. ఆ రోజు నాకు మూడు, దానికి మూడు ఎకరాలు రావాల్సి ఉండె అంటారు. నిజమేనా?" అని అడిగింది. నిజమే అవ్వా అన్నాను. చాలాసేపు పలకలేదు. తరువాత, "దాని వేలు పట్టుకుని అద్దింది నేనే గదరా. ఇంకెవరు చెప్పినా అది పెట్టకపోవును. విత్తనం తినేస్తిమి గదరా ఆ రోజు" అన్నది.

ఆ మాటకు నేను ఏమి జవాబు చెప్పగలను? ఏమీ చెప్పలేదు.

చదువరులు, ముఖ్యంగా మగవారు, ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి. ఆ తరువాత చట్టం చాలా దూరం వచ్చింది. ఆంధ్రలో 1986లో, తమిళనాడులో 1989లో, కర్ణాటకలోనూ మహారాష్ట్రలోనూ 1994లో కూతురికి పిత్రార్జితంలో కొడుకుతో సమానమైన హక్కు ఇస్తూ సవరణలు చేశారు. ఐతే అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటికీ వచ్చిన కేంద్ర సవరణలో ఆ భేదం కూడా పోయింది. ఆ తేదీకి తండ్రి బ్రతికి ఉండనవసరం లేదనీ, కూతురి హక్కు పుట్టుకతోనే వచ్చినదనీ 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు చేసి ముగించిన పంపకాలను మాత్రం ఈ సవరణ తిరగదోడదు. మా అత్త కాగితం వంటివి అలాగే నిలిచిపోయాయి.

చట్టం మారింది కదా, ఇక చింత ఏమిటి అంటారేమో. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సేద్యపు కమతాలలో ఆడవారి పేరున ఉన్నవి నూటికి సుమారు పద్నాలుగు. కలుపు తీసేవారిలో, నాట్లు వేసేవారిలో, ప్రత్తి ఏరేవారిలో ఆడవారు నూటికి ఎందరో మీ చేనిలోకి వెళ్ళి మీరే చూడండి. చట్టం ఇచ్చిన దాన్ని నట్టింట చాప మీద పళ్ళెంలో చీర పెట్టి తీసేసుకుంటున్నాము. ఈనాటికీ విడుదల పత్రాల మీద సంతకాలు జరుగుతూనే ఉన్నాయి. వేలిముద్ర పోయి సంతకం వచ్చింది, అంతే తేడా.

మా ఇంట్లో మా అమ్మ 2011లో పోయింది. నాయన అంతకు ముందే పోయాడు. మరుసటి ఏడు నేను, తమ్ముడు, చెల్లెలు 18 ఎకరాలు పంచుకోవడానికి కూర్చున్నాము. మళ్ళీ అదే మాట వచ్చింది. "ఆడపిల్ల చేత విడుదల వ్రాయించుకుంటే సులభం" అని ఒకరు అన్నారు. తమ్ముడూ అదే మేలన్నాడు. చెల్లెలు నా ముఖం చూసి, "అన్నా, నాకు నేల వద్దు, పుట్టిల్లు ఉంటే చాలు" అన్నది. యాభై ఏళ్ళ కిందట అవ్వ నోట వచ్చిన మాటే అది. రెండూ నీవే అమ్మా, ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలని ఎవరు చెప్పారు అన్నాను. తమ్ముడికి అవ్వ చివరి మాట చెప్పాను. అతడు రెండు రోజులు మాట్లాడలేదు. మూడవ రోజు వచ్చి, "ఆరేసి ఎకరాలు వ్రాయండి" అన్నాడు. రిజిస్టరు చేయించాము. పట్టాలో చెల్లెలి పేరు ఎక్కింది. ఆ ఆరెకరాలలో ఇప్పుడు ప్రత్తి లేదు. ఆ సీమలో చాలామంది లాగే మొక్కజొన్న, మినుము వేస్తున్నారు. పుట్టింటి గడప తెరిచే ఉన్నది. పండుగకు వస్తే చెల్లెలు తన చేని మినుములు మాకు కొలిచి ఇస్తున్నది.

అత్తకు మాత్రం ఏమీ చేయలేకపోయాము. 1991లోనే ఆమె పోయింది.

ఉత్తరం వ్రాసిన సోదరికి ఇదీ నా జవాబు. అమ్మా, మన పెద్దలలో ఆడవారు ఉన్నారు. వారి పేర్లు కాగితాల మీద లేవు గనుక నావంటివాడి కలానికి అందలేదు. తక్కిన చదువరులకు ఒక చిన్న మనవి. ఈ ఆదివారం ఇంట్లో పెట్టె తెరిచి పట్టా, దస్తావేజులు బయటికి తీయండి. వాటి మీద ఎన్ని పేర్లు ఉన్నాయో, అందులో ఆడవారివి ఎన్నో లెక్క పెట్టండి. మీ అవ్వ, మీ అమ్మ ఇంకా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. కొత్తగా ఏదైనా కాగితం మీద అక్కచెల్లెళ్ళు సంతకం చేయవలసి వస్తే, "ఇందులో ఏమి వ్రాసినారు?" అని వారు అడగకముందే చెప్పండి.

ఆనాడు మా నట్టింట ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. పాయసం త్రాగుతూ కూర్చున్నవారిలో నేనూ ఒకడిని.